గెమైండె పెట్టెకు తాళం ఎవరి దగ్గర?

ఉద్యోగం దొరికి జర్మనీలో దిగిన తెలుగువాడు అద్దె ఇల్లు కుదరగానే ఆ ఊరి కార్యాలయానికి వెళ్లి చిరునామా నమోదు చేయించుకోవాలి. అందుకు చట్టమిచ్చే గడువు రెండు వారాలు. ఆ ఫారంలో పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు వివరాలతో పాటు మతం గడి ఒకటి ఉంటుంది. గుంటూరు లూథరన్ అయితే ‘ఎవాంగెలిష్’ అని, ఏలూరు కథోలిక్కు అయితే ‘రోమన్ కథోలిక్’ అని, ఇందులో దాచేదేముందన్నట్టు నింపేస్తాడు. నెల తిరిగాక జీతం చీటీలో ఆదాయపు పన్ను కింద ఇంకో కోత కనిపిస్తుంది. అది చర్చి పన్ను. బవేరియా, బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రాల్లో ఆదాయపు పన్ను మీద 8 శాతం, మిగతా చోట్ల 9 శాతం. ఏడాదికి 10,000 యూరోల ఆదాయపు పన్ను కట్టే మనిషి మ్యూనిక్‌లో అయితే 800 యూరోలు, బెర్లిన్‌లో అయితే 900 యూరోలు చర్చికి ఇచ్చుకుంటాడు. వసూలు చేసి అప్పగించేది సర్కారు పన్నుల శాఖే; ఆ శ్రమకు చర్చి నుంచి రుసుము కూడా పుచ్చుకుంటుంది. ఆ పేట ప్రార్థనాలయం గడప తొక్కినా తొక్కకపోయినా, అక్కడి పాస్టరు ఎవరో తెలిసినా తెలియకపోయినా, రికార్డుల ప్రకారం అతను అక్కడి ‘గెమైండె’ సభ్యుడు. వద్దనుకుంటే పాస్టరుతో చెప్పినా లాభం లేదు. చాలా రాష్ట్రాల్లో కోర్టుకో, జనన మరణాల రిజిస్ట్రారు ఆఫీసుకో వెళ్లి, వైదొలుగుతున్నానని సంతకం చేసి రావాలి.

గెమైండెను మనం సంఘం అనుకోవచ్చు. కానీ జర్మనీలో పదివేలకు పైగా ఉన్న గ్రామ, పట్టణ పాలక సంస్థల పేరూ అదే, ఆదివారం ప్రార్థనకు కూడే విశ్వాసుల పేరూ అదే, యూదుల మత సమాజం పేరూ అదే. ఊరుమ్మడి చెరువు అన్నప్పుడు మన నోట పలికే ‘ఉమ్మడి’ ఆ మాట మొదట్లోనే ఉంది. చెరువు ఉమ్మడిది అంటే దాన్ని చూసి అందరూ ఆనందిస్తారని కాదు గదా. పూడిక తీయించే ఖర్చూ, ఎవరి పొలానికి ఎప్పుడు నీళ్లొదలాలన్న నిర్ణయమూ అందరివీ అని. మత సంఘానికైనా ఇదే కొలత అని నా అభిప్రాయం. ఒకే నమ్మకం ఉన్నవాళ్ల గుంపు అన్నది గెమైండెకు సగం అర్థమే. పన్ను జాబితాలో పేరున్నవాళ్లు అన్నది పావు వంతు కూడా కాదు. తమ బోధకుణ్ణి, తమ డబ్బును, తమ నడవడిని తామే విచారించుకునే అధికారం చేతిలో ఉన్నప్పుడే కూడినవాళ్లు గెమైండె అవుతారు. జర్మన్ భాషా ప్రాంతాల్లో ఈ అధికారాన్ని ఒకసారి నోరారా ఒప్పుకున్నారు, రెండేళ్లు తిరక్కుండానే వెనక్కి లాక్కున్నారు. అక్కడి చర్చిలో ఇవాళ కనిపించే గొడవలు చాలామటుకు ఆ బాకీ తీరకపోవడం వల్ల వచ్చినవే.

ఆ ఒప్పుకోలు 1523 నాటిది. సాక్సనీలో లైస్‌నిగ్ అనే చిన్న ఊరివాళ్లు మార్టిన్ లూథర్‌ను అడిగిన ప్రశ్నల్లో రెండు ముఖ్యమైనవి. బోధకుణ్ణి మేమే ఎంచుకోవచ్చా? గుడి రాబడిని ఎలా నడపాలి? మొదటిదానికి లూథర్ ఒక చిన్న పుస్తకమే రాశాడు. బోధ సరైనదో కాదో తేల్చే హక్కూ, బోధకుణ్ణి పిలిచే, నియమించే, తొలగించే హక్కూ క్రైస్తవ గెమైండెకు ఉన్నాయని దాని చాంతాడంత శీర్షికలోనే చెప్పేశాడు. కాపరి గొంతు నిజమైనదా అని గుర్తుపట్టాల్సింది గొర్రెలే కాబట్టి తీర్పు వాటిదేనన్నది ఆయన తర్కం. బిషప్పులూ మహాసభలూ బోధించవచ్చు గానీ తుది మాట వినేవాళ్లదే. తన బైబిలు అనువాదంలో కూడా లూథర్ విశ్వాసుల సమూహానికి చర్చి అనే పాత మాటను పక్కనబెట్టి ఈ ఉమ్మడి మాటనే వాడాడు. ఆ పాత మాటకు అర్థం స్పష్టంగా లేదని 1539లో రాసిన పుస్తకంలో విసుక్కున్నాడు కూడా. రెండో ప్రశ్నకు జవాబు ఉమ్మడి పెట్టె నిబంధనావళి. పెట్టె అంటే నిజంగా పెట్టే. దానికి నాలుగు వేర్వేరు తాళాలు. ఒక చెవి జమీందార్ల దగ్గర, ఒకటి పురపాలక మండలి దగ్గర, ఒకటి పట్టణవాసుల దగ్గర, ఒకటి చుట్టుపక్కల పల్లెల రైతుల దగ్గర. నలుగురూ వస్తేగానీ మూత లేవదు. అజమాయిషీకి పదిమంది పెద్దలు: జమీందార్ల నుంచి ఇద్దరు, మండలి నుంచి ఇద్దరు, పట్టణవాసులు ముగ్గురు, రైతులు ముగ్గురు. వాళ్లు ఆదివారం ఆదివారం కూర్చుని లెక్క చూడాలి. ఏడాదికి మూడుసార్లు ఊరంతా కూడి ఆ లెక్క వినాలి. పాస్టరు జీతం, బడిపంతులు జీతం, అనాథల పోషణ, చితికిపోయిన చేతిపనివాళ్లకు అప్పు, కరువుకు నిల్వ ధాన్యం అన్నీ ఆ పెట్టెలోంచే. మత గ్రంథాల వ్యాఖ్యానాలు వంద చదివినా గెమైండె అర్థం ఇంత తేటగా దొరకదు. రైతుల మూడు కుర్చీలు జమీందార్ల రెండింటి కంటే ఎక్కువన్నది కూడా గమనించాలి. అయితే కాగితం మీద ఇంత చక్కగా ఉన్న ఏర్పాటు మొదటి అడుగులోనే తడబడింది. పాత మఠాల నుంచీ దానాల నుంచీ వచ్చే రాబడి చేతిలో ఉన్న పురపాలక మండలి దాన్ని పెట్టెలో వేయనంది. ఇప్పించమని లూథర్ రాజు దగ్గరికే పోవాల్సి వచ్చింది. గెమైండె హక్కును నిలబెట్టడానికి గెమైండెకు పైనున్నవాణ్ణి బతిమాలుకోవడం! తర్వాత జరగబోయేదంతా ఆ మొరలోనే ఉంది.

1525 మార్చిలో మెమ్మింగెన్ పట్టణంలో కూడిన దక్షిణ జర్మనీ రైతులు పన్నెండు కోరికల పత్రం రాసుకున్నారు. వెట్టి గురించి, అడవి కట్టెల గురించి, చేపల గురించి అందులో చాలా ఉంది. కానీ వాళ్లు మొట్టమొదట పెట్టింది పాస్టరును ఎంచుకునే, సరిగా నడవకపోతే తొలగించే అధికారం మొత్తం గెమైండెకు ఉండాలన్న కోరిక. రెండోది దశమభాగం గురించి: ధాన్యంలో పదో వంతు కట్టడానికి అభ్యంతరం లేదు, అయితే గెమైండె ఎన్నుకున్న పెద్దలే దాన్ని వసూలు చేసి, పాస్టరుకు ఇవ్వగా మిగిలింది ఊళ్లోని పేదలకు పంచాలి. లైస్‌నిగ్‌కు ఇచ్చినదాన్నే వాళ్లు తమకూ ఇమ్మన్నారు. లూథర్ జవాబు చదివితే మనసు చివుక్కుమంటుంది. పాస్టరును ఎంచుకోవడం న్యాయమే గానీ, ఆ గుడి ఆస్తి ప్రభువు ఇచ్చినదైతే ముందు ప్రభువును వినయంగా అడగాలట. కాదంటే సొంత ఖర్చుతో వేరే పాస్టరును పెట్టుకోవాలట. దశమభాగం కోరిక పచ్చి దోపిడీ అట. పెట్టె ఎవరిదో పెత్తనం వాళ్లదని రెండేళ్ల కిందట ఊరివాళ్ల తరఫున వాదించినవాడే ఇప్పుడు అదే సూత్రాన్ని ప్రభువుల తరఫున తిప్పి చెప్పాడు. ఆ తర్వాత తిరగబడిన రైతుల్ని చంపడాన్ని సమర్థిస్తూ ఆయన రాసిన రాతలు లోకానికి తెలిసినవే. పీటర్ బ్లిక్లె అనే చరిత్రకారుడు ఈ కాలాన్నంతా తిరగదోడి, లూథర్ మొదలుపెట్టిన మత సంస్కరణ తొలి ఏళ్లలో గెమైండెల ఉద్యమమేననీ, 1525లో రైతుల ఓటమి తర్వాతే అది రాజుల ఉద్యమంగా మారిందనీ 1985లో వాదించాడు. పండితుల్లో దీని మీద తగవులున్నాయి. పట్టణాలకూ పల్లెలకూ తేడా ఎక్కువన్నది వాటిలో ఒకటి. అయినా కథ ముగిసిన తీరులో తగవు లేదు. 1526లో హెస్సె రాజ్యంలో హోంబర్గ్ సభ గెమైండెల మీద ఆధారపడే చర్చి నిర్మాణాన్ని ప్రతిపాదిస్తే, అమలు చేయవద్దని లూథరే సలహా ఇచ్చాడు. రాజే తన రాజ్యంలోని చర్చికి పెద్ద అనే ఏర్పాటు స్థిరపడి, 1918లో కైజర్ గద్దె దిగేదాకా నిలిచింది.

లూథర్ వైపు నుంచి చెప్పదగ్గ మాట లేకపోలేదు. నిజమైన క్రైస్తవులు తమంతట తాము కూడి, ఒకరినొకరు సరిదిద్దుకుని, ఉమ్మడిగా దానం చేసే సంఘం ఉంటే బాగుండునని ఆయనే 1526లో రాశాడు; దానికి తగిన మనుషులు ఇంకా తన దగ్గర లేరని అక్కడే చేతులెత్తేశాడు. తనిఖీకి పల్లెలకు వెళ్లిన బృందాలు ప్రభువు ప్రార్థన కూడా రాని జనాన్ని చూసి నివ్వెరపోయిన రోజులవి. అలాంటివాళ్లకు బోధను విచారించే అధికారమా అన్న సందేహం సహజమే. కానీ ‘మీరింకా సిద్ధంగా లేరు’ అన్న మాటను పాలించేవాళ్లు ఎన్నడూ తమంతట తాము ఉపసంహరించుకోరు. మనవాళ్లూ తెల్లదొరల నోట ఆ మాట విన్నవాళ్లే. బాధ్యత చేతికి రాని మనిషికి దాన్ని మోసే శక్తి ఎక్కణ్ణుంచి వస్తుంది? సిద్ధమైన మనుషులు దొరికితే ఏం జరుగుతుందో రెండు వందల ఏళ్ల తర్వాత అదే సాక్సనీలో తెలిసింది. మొరేవియా నుంచి పారిపోయి వచ్చిన శరణార్థులు 1722లో కౌంట్ త్సింత్‌సెన్‌డోర్ఫ్ భూమిలో హెర్న్‌హుట్ అనే ఊరు కట్టుకున్నారు. ఊరూ సంఘమూ ఒకటే. వయసును బట్టి, పెళ్లైందా లేదా అన్నదాన్ని బట్టి బృందాలుగా బతికారు. వాళ్ల శ్మశానంలో రాళ్లన్నీ నేలబారున, ఒకే తీరుగా ఉంటాయి. కుటుంబాల వారీగా కాకుండా బృందాల వారీగా, చనిపోయిన వరసలో పూడ్చారు. చచ్చాక కూడా గెమైండె సభ్యత్వం ఇంటిపేరును మించింది. అదంతా మెచ్చుకోదగ్గదే. అయినా భూమి దొరదే, దొర మాటకు ఎదురు తక్కువే. ముఖ్యమైన నిర్ణయాలకు చీట్లు వేసి దైవ నిర్ణయమనేవారు. చీటీని ఎవరూ ప్రశ్నించలేరు. అందుకే హెర్న్‌హుట్‌ను పూర్తి ఉదాహరణగా నేను ఒప్పుకోలేను.

ఇలాంటి భక్తి ఉద్యమాల అలలోనే గెమైండె మన తీరానికీ వచ్చింది. లూనెబర్గ్ బీడు భూముల్లోని హెర్మన్స్‌బర్గ్ అనే పల్లె పాస్టరు లుడ్విగ్ హార్మ్స్ 1849లో మిషనరీల శిక్షణాలయం పెట్టి, ఊరివాళ్ల కానుకలతో ఓడ కట్టించి 1853లో ఆఫ్రికాకు మనుషుల్ని పంపాడు. ఒక పల్లె సంఘం చేసిన పని అది. ఆ హెర్మన్స్‌బర్గ్ మిషనే 1860ల్లో నెల్లూరు సీమకు, నాయుడుపేట వైపు, వచ్చింది. ఇవాళ్టి దక్షిణాంధ్ర లూథరన్ చర్చికి మూలం అదే. అంతకు ముందే, 1842 జులై 31న, జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో పుట్టి అమెరికాలో పాస్టరైన హయ్యర్ గుంటూరు చేరాడు. వీళ్లు తెచ్చిన గెమైండె తెలుగులో సంఘమైంది, పాస్టరు సంఘ కాపరి అయ్యాడు, సంఘ పెద్దలు ఏర్పడ్డారు. మాటలన్నీ వచ్చాయి. పెట్టె చెవులు మాత్రం చాలాకాలం ఓడ దిగలేదు: భూములు, బడులు, ఆసుపత్రులు, జీతాలు అన్నీ సముద్రానికి అవతలి బోర్డుల చేతుల్లోనే. ఆంధ్ర ఎవాంజెలికల్ లూథరన్ చర్చి తన పేరుతో తాను ఏర్పడింది 1927లో, అంటే హయ్యర్ వచ్చిన 85 ఏళ్లకు. ఆ తర్వాత కూడా అధికారం పల్లె సంఘానికి దిగిందా, మిషన్ బంగళా నుంచి కేంద్ర కార్యాలయానికి మారిందా అన్నది మిషన్ ఆస్తుల మీద మన కోర్టుల్లో నడిచిన వ్యాజ్యాలను గమనించినవాళ్లు తేల్చుకోగలరు.

గెమైండె అంటే ఏమిటన్న ప్రశ్నను అందరికంటే నిక్కచ్చిగా తర్కించింది మాత్రం జర్మనీ యూదులేనని చెప్పాలి. 1847 నాటి ప్రష్యా చట్టం ప్రకారం ఒక ఊళ్లో ఉండే యూదులందరూ ఆ ఊరి యూదు గెమైండె సభ్యులే. ఇష్టమున్నా లేకపోయినా పన్ను కట్టాల్సిందే. సంస్కరణవాదులు ఆర్గన్ వాయిద్యంతో జర్మన్‌లో ప్రార్థన జరిపినా, సనాతనులకు అది పాపంగా తోచినా, పెట్టె ఒకటే. ఫ్రాంక్‌ఫర్ట్‌లో సనాతనుల సంఘానికి 1851లో వచ్చిన రబ్బీ సామ్సన్ రఫాయెల్ హిర్ష్ దీన్ని ఒప్పుకోలేదు. నమ్మకం కలవనివాడితో పెట్టె కలపడం అబద్ధానికి చందా ఇవ్వడమేనన్నది ఆయన పట్టు. ఎడ్వార్డ్ లాస్కర్ అనే యూదు ఉదారవాద శాసనసభ్యుడి చొరవతో 1876లో చట్టం మారి, యూదు మతంలో ఉంటూనే ఊరి గెమైండె నుంచి వైదొలిగే వీలు కలిగింది. అప్పుడు వుర్ట్స్‌బర్గ్ రబ్బీ సెలిగ్‌మన్ బేర్ బాంబెర్గర్ అడ్డు తగిలాడు. ఆయనా సనాతనుడే. ఊరి గెమైండె సనాతనులకు వేరే ఏర్పాట్లు ఇచ్చి, సంస్కరణవాదుల ఖర్చు వాళ్ల నెత్తిన వేయకుండా ఉంటే, విడిపోవాల్సిన బాధ్యత ఏమీ లేదని 1877లో తీర్పు చెప్పాడు. హిర్ష్ బహిరంగ లేఖలతో మండిపడ్డాడు. చిత్రమేమంటే హిర్ష్ సొంత అనుచరుల్లోనే ఎక్కువమంది ఊరి గెమైండెను వదల్లేదు. తాతముత్తాతల సమాధులున్న శ్మశానం అక్కడుంది, పేదలకు సాయం అక్కడుంది. ఈ తగవులో నా ఓటు బాంబెర్గర్‌కే. హిర్ష్ చెప్పింది తర్కానికి గట్టిగా నిలుస్తుంది, కానీ ఒకే మాట మీదున్నవాళ్లు కూడితే అది పార్టీ అవుతుంది. మాట కలవనివాళ్లు కూడా శ్మశానాన్ని, పెట్టెను, పేదల్ని వదలకుండా పట్టుకుని, ఒకరి హద్దు ఒకరు ఒప్పుకుని కూర్చోగలిగినప్పుడే ఉమ్మడి అన్న మాటకు బరువొస్తుంది. ఇవాళ్టికీ జర్మనీ యూదు గెమైండెల్లో అధిక భాగం అలా అన్ని పోకడలవాళ్లూ ఒకే గొడుగు కింద ఉండేవే. 1990 తర్వాత పాత సోవియట్ దేశాల నుంచి వలస వచ్చినవాళ్లతో సభ్యుల సంఖ్య 30,000 లోపు నుంచి ఇప్పుడు సుమారు 90,000కు చేరింది. తండ్రి మాత్రమే యూదుడైనవాళ్లకు మత ధర్మం ప్రకారం అందులో చోటు లేకపోవడం మాత్రం నేటికీ తీరని చిక్కే.

నా వాదనకు అన్నిటికంటే గట్టి దెబ్బ 1933 నుంచి తగులుతుంది. అధికారం గెమైండెకు ఇవ్వమంటున్నావే, ఆ ఏడాది జులై 23న జర్మనీ ప్రొటెస్టెంట్ గెమైండెల్లో ఎన్నికలు జరిగాయి గదా, ఏమైంది? ముందురోజు రాత్రి హిట్లర్ స్వయంగా రేడియోలో మాట్లాడి ‘జర్మన్ క్రైస్తవులు’ అనే నాజీ అనుకూల వర్గాన్ని బలపరిచాడు. ఆ వర్గం దాదాపు మూడింట రెండు వంతుల ఓట్లు ఊడ్చుకుపోయింది. సెప్టెంబరులో ప్రష్యా చర్చి మహాసభ, కొందరు ప్రతినిధులు గోధుమ రంగు యూనిఫారాల్లో కూర్చుని ఉండగా, యూదు మూలాలున్న పాస్టర్లకు చర్చిలో చోటు లేదని తీర్మానించింది. పల్లె పల్లెనా చర్చి కార్యాలయాల్లో తరాలుగా భద్రపరిచిన బాప్తిస్మపు రిజిస్టర్లు ఆ ఏళ్లలో ‘ఆర్య’ వంశ ధ్రువీకరణ పత్రాల కోసం తెరుచుకున్నాయి. తాత పేరు, అమ్మమ్మ పేరు, బాప్తిస్మపు తేదీ వెతికి, నకలు రాసి, చర్చి ముద్ర కొట్టి ఇచ్చేవారు. సంఘంలోకి చేర్చుకున్న గుర్తుగా రాసిపెట్టిన పుస్తకం ఎవరిని వెలివేయాలో తేల్చే పుస్తకమైంది. 1938 మార్చిలో యూదు గెమైండెల ప్రభుత్వ గుర్తింపును కూడా చట్టం చేసి లాగేశారు.

దీన్ని దులిపేసుకుని పోవడానికి వీల్లేదు. అయితే ఆ ఓట్లు వేసింది ఎవరో కూడా చూడాలి. నాలుగు వందల ఏళ్లుగా రాజు చర్చిలో జాబితా సభ్యులుగా ఉంటూ, బోధను విచారించే పని ఒక్కనాడూ చేయని జనం అది. పన్ను రికార్డులో పేరుంటే చాలు, ఏడాది పొడుగునా ఆదివారాలు కనబడకపోయినా ఆ రోజు ఓటు వేయవచ్చు. పార్టీ పిలుపు మీద అలా తరలివచ్చినవాళ్లు తక్కువేమీ కాదు. లూథర్ 1523లో గెమైండెకు ఒప్పుకున్నది చేతులెత్తి లెక్కపెట్టే హక్కును కాదు. తమందరి మీదా ఉన్న ఒక వాక్యాన్ని చేతబట్టుకుని, పాస్టరునైనా తమనైనా దానితో కొలిచే హక్కును. 1934 మే నెలాఖరున వుప్పర్‌టాల్ నగరంలోని బార్మెన్‌లో కూడిన 139 మంది ప్రతినిధులు అదే కొలతను మళ్లీ చేతికి తీసుకున్నారు. చర్చిలో పదవులు కొందరు ఇంకొందరిని ఏలడానికి కావనీ, అవి మొత్తం గెమైండెకు అప్పగించిన సేవను నిర్వర్తించడానికేననీ వాళ్ల ప్రకటనలోని నాలుగో అంశం చెబుతుంది. నాయకుడి మాటే శాసనమనే ఫ్యూరర్ సూత్రం రాజ్యమేలుతున్న రోజుల్లో ఆ మాట అనడానికి గుండె ధైర్యం కావాలి. అదే ప్రకటన యూదుల గురించి ఒక్క ముక్క కూడా అనలేదు. విచారించే అధికారాన్ని తిరిగి తెచ్చుకున్నవాళ్లు కూడా తమ గోడ అవతలి మనిషి దాకా దాన్ని చాచలేకపోయారు. గెమైండె విచారణ తన సభ్యుల లెక్కతో ఆగిపోతే సగంలో ఆగినట్టే.

ఇక నేటి సంగతి. 1919 వైమార్ రాజ్యాంగం అధికార మతం లేదని తేల్చి, మత సంఘాలకు ప్రభుత్వ హోదా గల సంస్థలుగా పన్ను వేసే హక్కు మిగిల్చింది. 1949 రాజ్యాంగం ఆ అధికరణాలను అలాగే తనలో కలుపుకుంది. రాజు పోయాడు, పన్ను ఉండిపోయింది. ఫలితం ఎంత వింతగా ఉంటుందో ఫ్రైబర్గ్‌కు చెందిన ఒక చర్చి న్యాయశాస్త్ర ఆచార్యుడి కేసు చూపిస్తుంది. పన్ను వేసే ప్రభుత్వ సంస్థ నుంచి మాత్రమే వైదొలుగుతున్నాననీ, కథోలిక విశ్వాసిగానే ఉంటాననీ ఆయన 2007లో ప్రకటించాడు. ఆ రెంటినీ అలా విడదీయడం రాజ్య చట్టం దృష్టిలో కుదరదని 2012 సెప్టెంబరులో లైప్‌జిగ్‌లోని ఫెడరల్ పాలనా న్యాయస్థానం తేల్చింది. అదే నెలలో బిషప్పులు, చర్చి నుంచి అధికారికంగా వైదొలిగినవారికి పాపసంకీర్తనం, దివ్యసత్ప్రసాదం లేవని డిక్రీ ఇచ్చారు. పన్ను ఆపితే ప్రసాదం ఆగుతుంది. కట్టేవాడికి మాత్రం ఆ డబ్బు ఎటు పోయిందో అడిగే వీలు అంతంతే. లింబుర్గ్ బిషప్పు నివాస సముదాయం మీద సుమారు 3.1 కోట్ల యూరోలు ఖర్చైన సంగతి 2013లో బయటపడి ఊరూవాడా భగ్గుమన్నది. మరుసటి ఏడాది పోపు ఆయన రాజీనామాను ఆమోదించాల్సి వచ్చింది. ఆ పెట్టెకు ఎన్ని తాళాలుండి ఉంటాయో ఊహించవచ్చు. ట్రియర్ బిషప్పు మేత్రాసనం తన 887 విచారణలను, అంటే కథోలిక స్థానిక సంఘాలను, 35గా కుదించే పథకం వేస్తే 2019 నవంబరులో వాటికన్ ఆపింది. సంతోషించేలోపే 2020 జులైలో, విచారణ నాయకత్వం గురువుదే తప్ప సామాన్య విశ్వాసులది కాదని గుర్తుచేస్తూ వాటికన్ నుంచే ఇంకో సూచనావళి వచ్చింది. ఇవన్నీ చూస్తూ జనం చెప్పాల్సింది కాళ్లతో చెబుతున్నారు. 2023 ఒక్క ఏడాదిలో కథోలిక చర్చిని నాలుగు లక్షల మందికి పైగా, ప్రొటెస్టెంట్ చర్చిని సుమారు 3.8 లక్షల మంది వదిలిపోయారు.

చర్చి పన్నును వెనకేసుకొచ్చేవాళ్ల వాదనలో బలం ఉంది. అది లేకపోతే పాస్టరు డబ్బున్న నలుగురి గుప్పిట్లోకి పోతాడు, పేద పేటలో గుడి మూతపడుతుంది, పన్ను ఆదాయాన్ని బట్టి కాబట్టి లేనివాడు ఏమీ కట్టనక్కర్లేదు. నిజమే. దాతల దయ మీదో, పాస్టరు సొంత పేరు మీదో నడిచే సంఘాలు ఎలా మారతాయో తెలుగు జిల్లాల్లో ఎవరికీ విడమరచి చెప్పనవసరం లేదు. ఆసుపత్రులు, వృద్ధాశ్రమాలు ఈ పన్ను మీదే నడుస్తున్నాయన్న వాదన మాత్రం అంత నిలవదు. వాటి ఖర్చులో అత్యధిక భాగం సర్కారు నుంచీ సామాజిక బీమా నుంచీ వస్తుంది. పన్ను ఉండాలా వద్దా అన్నది అసలు ప్రశ్నే కాదంటాను. దాన్ని ఎవరు నిర్ణయిస్తున్నారన్నది ప్రశ్న. పొరుగున స్విట్జర్లాండులో జ్యూరిక్ లాంటి కాంటన్లలో సంస్కరణ చర్చి గెమైండె సభ్యులు ఓటేసి తమ పాస్టరును ఎన్నుకుంటారు; సభలో కూర్చుని, బడ్జెట్ చూసి, ఆ ఏటి చర్చి పన్ను రేటును తామే ఖరారు చేస్తారు. అక్కడా సభ్యులు తగ్గిపోతున్నారు గదా అంటే, అవును, తగ్గుతున్నారు. నిర్ణయాధికారం చేతికిస్తే గుళ్లు కిటకిటలాడతాయని నేను అనడం లేదు. నమ్మకం సన్నగిల్లడానికి వంద కారణాలుంటాయి. తగ్గినా మిగిలినవాళ్లకు తమ సంఘం తమ చేతుల్లో ఉంటుంది. మూసివేత వచ్చినా అది వాళ్లు తీసుకున్న నిర్ణయం అవుతుంది. జర్మనీలోనూ ప్రొటెస్టెంట్ గెమైండె పాలకవర్గాలకు ఎన్నికలున్నాయి, చాలా ప్రాంతాల్లో 14 ఏళ్లు నిండితే ఓటుంది. చాలాచోట్ల ఐదుగురిలో ఒకరైనా వెళ్లి వేయరు. ఇది సభ్యుల సోమరితనమని పైవాళ్ల ఫిర్యాదు. గంట మరమ్మతు, పండగ భోజనం లాంటివి గెమైండెకు వదిలి, పాస్టరు పోస్టు ఉండాలా, ఏ గెమైండెను దేనితో కలపాలి అన్నవి పైన తేలుస్తుంటే ఓటుకు ఎవరు కదులుతారు?

ఈ చిక్కు ఇప్పుడు ముస్లింల వంతుకొచ్చింది. ప్రభుత్వ హోదా కావాలంటే నిబంధనావళీ, సభ్యుల సంఖ్యా సంస్థ శాశ్వతత్వానికి భరోసా ఇవ్వాలని రాజ్యాంగం అంటుంది. మసీదుకు నమాజుకు వచ్చేవాడు ఏ జాబితాలోనూ సంతకం చేయడు. అందుకే చాలా మసీదులు మామూలు సొసైటీలుగానే మిగిలాయి. 2013లో హెస్సెలో ఆ హోదా పొందిన మొదటి ముస్లిం సంస్థ అహ్మదీయా జమాత్. ముందునుంచీ సభ్యత్వమూ చందా లెక్కలూ పకడ్బందీగా ఉన్న శాఖ కాబట్టి దానికి వీలైంది. తక్కినవాళ్లు కూడా అదే అచ్చులో ఒదగాలని అడుగుతున్న రాజ్యం, ఆ అచ్చు సొంత చర్చిలోనే ఎలా బోలుగా మారిందో చూడటం లేదు. తలలు లెక్కపెట్టడంతో పాటు ఇంకో రెండు అడిగితే బాగుండేది: ఇమామును ఎవరు నియమిస్తున్నారు, జీతం ఎక్కడి నుంచి వస్తోంది? టర్కీ ప్రభుత్వం జీతమిచ్చి పంపిన ఇమాములతో ఏళ్ల తరబడి వందల మసీదులు నడిచిన దేశంలో ఇవి కొత్త ప్రశ్నలేమీ కావు. అయితే బెర్లిన్ ఈ ప్రశ్నలు మసీదు కమిటీని అడిగిన రోజున ట్రియర్ విచారణవాసులూ, బవేరియా ప్రొటెస్టెంటులూ తమ బిషప్పు కార్యాలయాలను అవే అడగవచ్చు. విలీన పథకం వేసే ప్రతి మేత్రాసనమూ, ప్రతి రాష్ట్ర చర్చీ, విలీనమయ్యే గెమైండె సభ ఓటు లేకుండా దాన్ని అమలు చేయకూడదన్న నిబంధన, ఆ గెమైండె సభ్యులు కట్టిన పన్నులో నిర్ణీత వాటా వాళ్ల సభ తీర్మానంతోనే ఖర్చవ్వాలన్న నిబంధన పెట్టుకోవడానికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. చర్చి తన సొంత వ్యవహారాలు తానే చూసుకునే హక్కు 1919 నుంచీ దానికుంది.